ఓకే: ఒక్క మాట, పలు అర్థాలు, లెక్కకు మించిన పుట్టుకథలు

అంగీకారం, క్షేమం, ఆమోదం, సర్దుబాటు వంటి అర్థాలలో వాడే ఇంగ్లీషు మాట ఓకే. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1839లో ఒక దినపత్రిక పుటలో పరాచకంగా తొలిసారి అచ్చయింది. చదువుకున్న పెద్దలు కాగితం మీద పెట్టడానికి మొహమాటపడే అల్లరి మాటగా, అంటే స్లాంగ్‌గా, బతుకు మొదలుపెట్టి ఈనాడు బ్యాంకు పత్రాల్లో, ఆసుపత్రి చీటీల్లో, కంప్యూటర్ తెరల మీద స్థిరపడింది. ఇంగ్లీషు రానివాళ్లు కూడా ఆలోచించకుండా పలికే ఇంగ్లీషు మాటలను ఎంచితే ఇది ముందువరసలో ఉంటుంది. పుట్టిన తేదీ ఇంత కచ్చితంగా తెలిసిన మాటలు ఏ భాషలోనైనా అరుదు. అలాంటి మాటకు ఇన్ని తప్పుడు పుట్టుకథలు ఎలా వచ్చాయన్నది ఇంకా ఆసక్తికరమైన విషయం.

అర్థాలు

వ్యాకరణంలో ఓకేకు ఒక ఇల్లంటూ లేదు. "పైవాళ్లు ఓకే ఇచ్చారు" అంటే నామవాచకం, "ఫైలు ఓకే చేశారు" అంటే క్రియ, "ఆరోగ్యం ఓకే" అంటే విశేషణం, "బండి ఓకేగా నడుస్తోంది" అంటే క్రియావిశేషణం. ఏమీ కాకుండా ఊరికే "ఓకే!" అంటే అదే ఒక పూర్తి వాక్యం. ఇంగ్లీషులోనూ ఈ అన్ని పాత్రలూ వేస్తుంది.

అయితే అర్థాలు చెల్లాచెదురుగా లేవు. వాటి కింద ఒకటే భావం ఉంది: అడ్డుపెట్టాల్సినదేమీ లేదు. ఓకే మెచ్చుకోదు, తెగడదు. మెట్ల మీద జారిపడిన మనిషిని పరుగున వెళ్లి "ఓకేనా?" అని అడిగితే, "ఓకే" అన్న జవాబు వినగానే ప్రాణం కుదుటపడుతుంది. అదే మనిషి ఇంట్లో భోంచేసి, "కూర ఎలా ఉంది?" అన్నప్పుడు "ఓకే" అంటే వండినవారి ముఖం చిన్నబోతుంది. రెండు చోట్లా మాట ఒకటే, అది చెప్పిందీ ఒకటే: లోపం లేదు. ప్రమాదం తర్వాత లోపం లేకపోవడం వరం. వంట తర్వాత లోపం లేకపోవడం చాలదు.

తెలుగులో దీనికి అచ్చంగా సరితూగే మాట "సరే" అని చాలామంది అంటారు. నా లెక్కలో అంతకంటే దగ్గరి చుట్టం "పర్వాలేదు". కాలు తొక్కినవాడు క్షమించమంటే పర్వాలేదంటాం, సినిమా ఎలా ఉందంటే పర్వాలేదంటాం, జ్వరం ఎలా ఉందంటే ఇప్పుడు పర్వాలేదంటాం. ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన "పర్వా"కు మన "లేదు" తగిలించి కట్టుకున్న ఈ మాట, ఓకే చేసే పనుల్లో సగానికి పైగా ఎప్పటినుంచో చేస్తూనే ఉంది.

ఈ మధ్యస్థ స్వభావాన్ని సరిగా అంచనా వేయక ఒక పెద్ద కంపెనీ దెబ్బతిన్నది. కోకా-కోలా 1993లో "ఓకే సోడా" అనే శీతల పానీయాన్ని అమెరికా యువత కోసం తయారుచేసింది. ప్రపంచమంతా గుర్తుపట్టే మాట కనుక పేరే సగం అమ్మిపెడుతుందని లెక్క. కానీ దాహంతో ఉన్నవాడు "పర్వాలేదు" అని రాసి ఉన్న డబ్బా కోసం చేయి చాపడు. 1995కల్లా దాన్ని ఆపేశారు.

సంభాషణను నడిపించే పని ఓకేకు ఉన్న మరో పాత్ర. అక్కడ దానికి అర్థం కంటే స్థానం ముఖ్యం. ఉపాధ్యాయుడు బల్ల తట్టి "ఓకే" అంటే పాఠం మొదలైందని. మధ్యలో "ఓకే" అంటే ఒక విషయం ముగిసి మరొకటి వస్తోందని. ఫోనులో "ఓకే, ఉంటా మరి" అంటే మాటలు ముగిశాయని. కథ చెప్పేవారికి మనం ఊ కొట్టినట్టు, అవతలివారి మాట అందుతోందని చెప్పడానికి ఫోనులో మధ్యమధ్య "ఓకే... ఓకే..." అనేవాళ్లున్నారు. అక్కడ అది ఒప్పుకోలు కానే కాదు. వింటున్నానని మాత్రమే. ఈ తేడా తెలియక "నువ్వు అప్పుడు ఓకే అన్నావుగా" అని తర్వాత పోట్లాడుకోవడమూ మామూలే.

పలికే తీరు మరో లోకం. చివరి అచ్చును సాగదీసి "ఓకేఏ..." అంటే నమ్మకం కుదరలేదని. తెంపినట్టు "ఓకే!" అంటే ఇక మాట్లాడొద్దని. ఫోన్ సందేశాల్లో దాన్ని ఒక్క "కె" అక్షరానికి కుదిస్తే, అందుకున్నవారికి కోపం వచ్చిందేమోనన్న శంక పుడుతుంది. రెండు అక్షరాల మాటలో ఒక అక్షరం తగ్గితేనే ఆప్యాయత పోయినట్టు అనిపించడం మాటల మీద మనుషులకుండే సున్నితత్వానికి మంచి నిదర్శనం.

పుట్టుక

1838 వేసవి నాటికి బోస్టన్ పత్రికలవాళ్లకు ఒక పిచ్చి పట్టింది. మాటలను పొడి అక్షరాలుగా మార్చి రాయడం, చదివేవాళ్లు విప్పుకోలేక తంటాలు పడుతుంటే ఆనందించడం. "నో గో", అంటే పని జరగదు అనడానికి ఎన్.జి. అని రాసేవారు. "గాన్ టు టెక్సాస్" అనడానికి జి.టి. టెక్సాస్ అప్పటికి వేరే దేశం, అప్పులు ఎగ్గొట్టి పారిపోయినవాళ్లు చేరే చోటు. "స్మాల్ పొటేటోస్", అంటే చిన్న బంగాళాదుంపలు, ఎస్.పి. అయింది. లెక్కలోకి రాని మనుషులని దాని భావం.

ఇది చాలదన్నట్టు ఇంకో మెలిక పెట్టారు. ముందు మాటలను కావాలని తప్పుగా రాసి, ఆ తప్పు స్పెల్లింగు నుంచి పొడి అక్షరాలు తీయడం. చదువురాని పల్లెటూరి మనిషి రాసినట్టు తప్పులతో రాసి నవ్వించడం ఆనాటి అమెరికా హాస్యంలో పెద్ద వాడుక. "నో యూజ్", అంటే లాభం లేదన్న మాట ఈ పద్ధతిలో కె.వై. అయింది. "ఆల్ రైట్"ను ఓ, డబ్ల్యూలతో మొదలయ్యేలా తప్పుగా రాసి ఓ.డబ్ల్యూ. చేశారు. దాని తమ్ముడే మన కథానాయకుడు. "అంతా సరిగ్గా ఉంది" అని చెప్పే "ఆల్ కరెక్ట్" అనే మాటల్లో ఏ బదులు ఓ పెట్టి, సి బదులు కె పెట్టి, ఆ రెండు అక్షరాలనూ మాత్రమే మిగిల్చారు.

1839 మార్చి 23న "బోస్టన్ మార్నింగ్ పోస్ట్" రెండో పుటలో అది అచ్చయింది. ఆ పత్రిక సంపాదకుడు చార్లెస్ గార్డన్ గ్రీన్. భోజనవేళ గంటలు మోగించరాదన్న ఊరి నిబంధనతో పేచీ పెట్టుకొని కొందరు చమత్కారులు సరదాగా ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్లు న్యూయార్క్ ప్రయాణం కట్టిన సందర్భంలో ప్రావిడెన్స్ పట్టణపు పత్రికను ఆటపట్టిస్తూ రాసిన చిన్న వార్త అది. వాళ్లు ప్రావిడెన్స్ మీదుగా తిరిగివస్తే అక్కడి సంపాదకుడు విందు ఏర్పాట్లన్నీ ఓ.కె.గా చేసి సీసాల బిరడాలు ఎగరగొడతాడేమో అన్నది దాని సారాంశం. పక్కనే "ఆల్ కరెక్ట్" అని విడమరిచి రాశారు. అలా విడమరచవలసి వచ్చిందంటే పాఠకులకు అది ఇంకా కొత్తదేనని అర్థం. పరిశోధకులకు దొరికిన బలమైన సాక్ష్యం ఆ వివరణే.

తప్పు లేదని చెప్పడానికి ఈనాడు ప్రపంచమంతా వాడే మాట రెండు అక్షరాలనూ తప్పుగా రాయడం వల్ల పుట్టింది. ఈ ఒక్క సంగతి తెలుసుకున్నాక మాటల చరిత్ర మీద ప్రేమ పుట్టకుండా ఉండదు.

ఎన్నికలు కాపాడిన మాట

కె.వై., ఓ.డబ్ల్యూ., ఎస్.పి. అన్నీ కొద్ది ఏళ్లలో మట్టిలో కలిశాయి. ఓకే కూడా కలిసిపోవలసిందే. దాన్ని బతికించింది 1840 అమెరికా అధ్యక్ష ఎన్నిక.

డెమొక్రాట్ల అభ్యర్థి, అప్పటికే అధ్యక్షుడుగా ఉన్న మార్టిన్ వాన్ బ్యూరెన్ స్వస్థలం న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. డచ్చి కుటుంబం. ఇంగ్లీషు మాతృభాష కాని అమెరికా అధ్యక్షుడు ఆయనొక్కరే. ఊరిపేరుతో ఆయనకు "ఓల్డ్ కిండర్‌హుక్" అనే ముద్దుపేరు ఉండేది. ఆ మాటల పొడి అక్షరాలు కూడా ఓ, కె లే. 1840 మార్చిలో న్యూయార్క్‌లో ఆయన మద్దతుదారులు ఓ.కె. క్లబ్బు పెట్టారు. అభ్యర్థి పేరూ, "అంతా సరిగ్గా ఉంది" అన్న నినాదమూ ఒకే ముక్కలో ఇమిడిపోయాయి. ఓ.కె. అని కేకలు వేస్తూ ఆయన మనుషులు ప్రత్యర్థుల సభల మీద పడి గొడవలు చేశారు.

ప్రత్యర్థులైన విగ్ పార్టీవాళ్లు ఊరుకోలేదు. అవే అక్షరాలను తిప్పికొట్టి, "డబ్బు అయిపోయింది", "ఘోరమైన విపత్తు" అనే అర్థాలు వచ్చేలా తప్పుడు స్పెల్లింగులతో విప్పారు. 1837లో మొదలైన ఆర్థిక సంక్షోభంలో జనం నలిగిపోతున్న రోజులవి కనుక ఆ ఎద్దేవా బాగా తగిలింది. ఇంకో కథ కూడా అప్పుడే అల్లారు. వాన్ బ్యూరెన్‌కు ముందు అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్‌కు అక్షరదోషాలు ఎక్కువనీ, కాగితాల మీద "అంతా సరి" అనడానికి తప్పుగా ఓ.కె. అని గిలికేవాడనీ. అది నిజం కాదు. కానీ ఆనాడు ఎన్నికల కోసం పుట్టించిన ఈ కట్టుకథ పాఠ్యపుస్తకాల చరిత్రలా వందేళ్లకు పైగా చలామణీ అయింది.

ఎన్నికల్లో విగ్ అభ్యర్థి విలియం హెన్రీ హారిసన్‌కు 234 ఎలక్టోరల్ ఓట్లు, వాన్ బ్యూరెన్‌కు 60 వచ్చాయి. ఓడిపోయిన అభ్యర్థి పేరు ఈనాడు అమెరికాలోనే చాలామందికి గుర్తులేదు. ఆయన క్లబ్బు పేరు మాత్రం మన ఊరి కిరాణా కొట్టులోనూ వినిపిస్తుంది.

ఆ తర్వాత టెలిగ్రాఫ్ వచ్చింది. 1844లో వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాల మధ్య శామ్యూల్ మోర్స్ తీగ వేశాక, రైలుమార్గాల వెంబడి తంతి విస్తరించింది. తీగకు అవతల కూర్చున్నవాడు సందేశం పూర్తిగా అందిందని చెప్పడానికి పొట్టి గుర్తు కావాలి. రెండు అక్షరాల ఓకే ఆ పనికి అతికినట్టు సరిపోయింది. అవతలి కార్యాలయం ఓకే కొట్టేదాకా సందేశం చేరినట్టు కాదన్నది తంతి ఉద్యోగుల నియమంగా స్థిరపడింది. ఒకదాని మీద ఒకటి రైళ్లు ఎక్కకుండా చూసుకోవలసిన ఆ పనిలో ఈ మాటకు ప్రాణాలంత విలువ వచ్చింది. పరాచకం పోయి బాధ్యత చేరింది. పుట్టుక సంగతి అందరూ మరిచిపోయిందీ అప్పుడే.

పుట్టుకథల సంత

మరిచిపోయిన చోట కథలు మొలుస్తాయి. బిస్కెట్ల పెట్టెల మీద తయారీదారు వేసిన పొడి అక్షరాలని ఒకరు, సరుకుల చీటీల మీద ఒబడయ్యా కెల్లీ అనే రైల్వే గుమస్తా చేసిన సంతకమని ఇంకొకరు, యుద్ధంలో ఎవరూ చనిపోలేదనడానికి సున్నా పక్కన కె రాసేవారని మరొకరు చెప్పుకొచ్చారు. గ్రీకులు తమ "ఓలా కాలా", అంటే అంతా బాగుంది అన్న మాట నుంచి వచ్చిందన్నారు. స్కాట్లాండువాళ్లు తమ "ఓఖ్ ఐ" అన్నారు. ఫిన్లాండువాళ్లకు సరైనదనే అర్థంలో "ఓయికేయా" ఉంది. హైతీలోని లే కే రేవు నుంచి వచ్చే మంచి రమ్ము పేరు మీద వచ్చిందని ఫ్రెంచి వాదం. వీటిలో దేనికీ 1839కి ముందటి కాగితపు ఆధారం లేదు. ఓ, కె అనే ధ్వనులు దగ్గరదగ్గరగా ఉండే మాట ప్రతి భాషలోనూ ఏదో ఒకటి దొరుకుతుంది. పోలిక దొరికినంత మాత్రాన చుట్టరికం తేలదు.

రెండు వాదాలను మాత్రం ఇలా ఒక్క వాక్యంలో పక్కన పెట్టడం న్యాయం కాదు.

మొదటిది చోక్టా వాదం. మిసిసిపీ ప్రాంతపు మూలవాసులైన చోక్టాల భాషలో వాక్యం చివర "ఇది నిజం, ఇంతే" అని నొక్కి చెప్పే "ఓకే" లాంటి పలుకు ఉంది. మిషనరీ సైరస్ బైయింగ్టన్ దాన్ని నమోదు చేశాడు. ఈ వాదం నచ్చిన అధ్యక్షుడు వుడ్రో విల్సన్ కాగితాల మీద ఆమోదం రాసేటప్పుడు చివర హెచ్ చేర్చి చోక్టా పద్ధతిలో రాసేవాడు. 1918లో ఆటో హైనమన్ స్థాపించిన ఓకే రికార్డుల కంపెనీ పేరులోనూ ఆ హెచ్ ఉంది. అయితే అక్కడ అది ఆయన పేరులోని పొడి అక్షరాల కూర్పు కూడా. నల్లజాతి గాయని మామీ స్మిత్ 1920లో పాడిన "క్రేజీ బ్లూస్" ఈ కంపెనీ రికార్డే. బ్లూస్ సంగీతానికి రికార్డుల మార్కెట్ తెరిచింది ఆ పాటే.

రెండోది ఆఫ్రికా వాదం. పశ్చిమాఫ్రికా భాషల పండితుడు డేవిడ్ డాల్బీ 1960ల చివర దీన్ని ముందుకు తెచ్చాడు. సెనెగల్ ప్రాంతపు వోలోఫ్ భాషలో "వావ్" అంటే అవును. దానికి నొక్కి చెప్పే ప్రత్యయం చేరిన "వావ్ కే" బానిసలుగా తీసుకురాబడ్డవారి నోట అమెరికా చేరి ఓకే అయిందని ఆయన ఊహ. బానిసల మాటలను కాగితం మీద పెట్టే శ్రద్ధ ఆనాటి అచ్చుయంత్రాల యజమానులకు లేదు. కనుక రాతలో లేదు కాబట్టి నోటిలోనూ లేదని తీర్పు చెప్పడం తొందరపాటే అవుతుంది. కానీ ఓ.డబ్ల్యూ., కె.వై.ల పక్కనే, "ఆల్ కరెక్ట్" అన్న వివరణతో సహా ఓ.కె. అచ్చులో దొరికాక, ఆ పుట్టుకను కాదనడానికి ఊహ ఒక్కటే సరిపోదు. చోక్టా వాదం గురించీ ఇదే మాట.

ఈ చిక్కుముడి విప్పిన మనిషి కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలెన్ వాకర్ రీడ్. 1906లో మిన్నెసోటాలో పుట్టాడు. పాత పత్రికలను కంప్యూటర్ వెతికిపెట్టే రోజులు కావవి. కాగితం తర్వాత కాగితం చేత్తో తిరగేస్తూ పోయాడు. 1941లో ఓల్డ్ కిండర్‌హుక్ సంబంధాన్ని బయటపెట్టాడు. అక్కడితో ఆగలేదు. మరో రెండు దశాబ్దాలు తవ్వి, 1963, 1964 సంవత్సరాల్లో "అమెరికన్ స్పీచ్" పత్రికలో వరుస వ్యాసాలుగా 1839 నాటి జన్మస్థానాన్ని, ఆ చుట్టూ ఉన్న పొడి అక్షరాల వెర్రినంతా పరిచాడు. ఒక్కో తప్పుడు కథనూ అసలు కాగితం దాకా వెంబడించడం ఆయన పద్ధతి. టెనెసీలో 1790 నాటి ఒక కోర్టు దస్తావేజులో ఆండ్రూ జాక్సన్ ఓ.కె. రాశాడన్న వాదం అప్పటికి చాలామంది నమ్మేది. మూలప్రతిలో ఉన్నది ఓ.కె. కాదు, ఓ.ఆర్., "నమోదుకు ఆదేశించడమైనది" అన్న కోర్టు సంకేతం. ఒక మనిషిని బానిసగా అమ్మిన క్రయపత్రం తాలూకు నమోదు అది. రీడ్ 2002లో, తొంభై ఆరో ఏట చనిపోయాడు. ఒక్క మాట కోసం ఇన్నేళ్లు వెచ్చించినవారిని తలుచుకున్నప్పుడు, తెలుగులో మన వాడుక మాటలకు ఇలాంటి తోడు ఎప్పుడు దొరుకుతుందా అనిపిస్తుంది. అలాన్ మెట్‌కాఫ్ 2010లో ఓకే మీద రాసిన పుస్తకానికి పునాది రీడ్ పరిశోధనే.

తుపాకులు, అంతరిక్షం, కంప్యూటర్

అరిజోనాలోని టూమ్‌స్టోన్ పట్టణంలో 1881 అక్టోబరు 26న జరిగిన కాల్పులు "ఓకే కొరాల్ కాల్పులు"గా పేరుపడ్డాయి. ఓకే కొరాల్ అంటే ఆ పేరుగల గుర్రపుశాల. దాదాపు అర నిమిషంలో ముగిసిన ఆ పోరులో ముగ్గురు చనిపోయారు. నిజానికి కాల్పులు జరిగింది గుర్రపుశాలలో కాదు, కాస్త దూరంలోని ఖాళీ స్థలంలో. 1957లో వచ్చిన హాలీవుడ్ సినిమా పేరు జనం మనసులో ఆ చిరునామాను పాతేసింది.

1961 మే 5న అలన్ షెపర్డ్ అంతరిక్షంలోకి వెళ్లివచ్చిన మొదటి అమెరికన్ అయ్యాడు. ఆ రోజు నాసా ప్రతినిధి షార్టీ పవర్స్ విలేకరులకు ప్రయాణం "ఏ-ఓకే" అని చెప్పాడు. షెపర్డ్ నోట వచ్చిన మాటగా అది ప్రచారమైంది గానీ, సంభాషణల రికార్డులో ఆయన అన్నట్టు లేదు. ఆ దశాబ్దం చివరికి మానసిక వైద్యుడు థామస్ హ్యారిస్ రాసిన "ఐయామ్ ఓకే, యూ ఆర్ ఓకే" అనే పుస్తకం ఈ మాటను మనసులోపలికి తీసుకెళ్లింది. నీలో లోపం లేదు, నాలో లోపం లేదు అని ఒప్పుకోవడమే ఆరోగ్యకరమైన సంబంధానికి మొదలని దాని వాదం. బోస్టన్ పత్రికవాడు విందు ఏర్పాట్ల గురించి అన్న మాట మనిషి ఆత్మగౌరవానికి కొలమానమైంది.

కంప్యూటర్ తెర మీద "ఓకే" గడి వెనుక కూడా ఒక కథ ఉంది. 1980ల మొదట్లో యాపిల్ సంస్థ లీసా అనే కంప్యూటర్‌ను తయారుచేస్తూ ఆ గడిలో "డూ ఇట్", అంటే "ఆ పని చెయ్యి" అని పెట్టింది. పరీక్షించడానికి పిలిచిన మామూలు మనుషులు కొందరు అక్కడికి రాగానే తడబడ్డారు. ఒకాయనకు చిరాకు కూడా వచ్చింది. ఆరా తీస్తే, రెండు మాటల మధ్య ఖాళీ తక్కువగా ఉండడంతో ఆయన దాన్ని "డోల్ట్" అని చదివాడు. అంటే మందమతి. యంత్రం తనను తిడుతోందనుకున్నాడు. అప్పుడు దాన్ని తీసేసి ఓకే పెట్టారు. ఇంటర్నెట్‌లో ఏ పుట తెరిచినా, అడిగినది దొరికిందని చెప్పడానికి సర్వర్ లోలోపల పంపే సంకేతం కూడా "200 ఓకే". తంతి గుమస్తా చేసిన పని ఇప్పుడు యంత్రం చేస్తోంది.

చేతి సంజ్ఞ

బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నాలా చుట్టి, మిగతా మూడు వేళ్లు విప్పి ఉంచితే ఓకే. నీళ్లలో ఈదే డైవర్లకు ఇదే అధికారిక సంకేతం, ఎందుకంటే బొటనవేలు పైకెత్తితే వాళ్ల భాషలో "పైకి పోదాం" అని అర్థం. జపాన్‌లో ఈ సున్నా నాణెం, అంటే డబ్బు. ఫ్రాన్స్‌లో కొన్ని సందర్భాల్లో నిజంగానే సున్నా, పనికిరానిదని. బ్రెజిల్‌లో బూతు. 2017లో అమెరికాలో కొందరు ఆకతాయిలు ఇంటర్నెట్‌లో దీన్ని శ్వేతజాతి దురహంకారుల గుర్తుగా బూటకపు ప్రచారం చేశారు. తర్వాత ఆ భావాలున్నవాళ్లే నిజంగా వాడటం మొదలుపెట్టడంతో 2019లో యాంటీ-డిఫమేషన్ లీగ్ అనే అమెరికా సంస్థ దాన్ని ద్వేషచిహ్నాల జాబితాలో చేర్చింది. ఎక్కువమంది వాడేది మాత్రం మామూలు అర్థంలోనేనని కూడా స్పష్టం చేసింది.

మన కంటికి ఈ ముద్ర ఓకే కంటే ఎన్నో శతాబ్దాలు పాతది. దక్షిణామూర్తి విగ్రహాల చేతిలో చిన్ముద్రగా ఉంటుంది. నాట్యంలో హంసాస్య హస్తం కూడా దాదాపు ఇదే. రూపం ఒకటైనా వీటికీ ఓకేకూ బంధుత్వం లేదు.

లారీల వెనుక, తెలుగు నోట

మన దేశపు రోడ్ల మీద ఓకేకు ఒక ప్రత్యేకమైన చోటుంది. లారీల వెనుక రంగులతో "హార్న్ ఓకే ప్లీజ్" అని రాసి ఉంటుంది. హారన్ కొట్టమని కోరడం తెలుస్తూనే ఉంది, మధ్యలో ఓకే ఎందుకు? రెండో ప్రపంచ యుద్ధకాలంలో కిరోసిన్‌తో నడిచే లారీలకు హెచ్చరికగా "ఆన్ కిరోసిన్" అని రాసేవారనీ, దాని పొట్టిరూపమే ఇదనీ ఒక కథ. టాటా వారి ఓకే సబ్బుకు ప్రచారంగా రాయించారని ఇంకో కథ. ఓవర్‌టేక్‌ను సూచించే ఓ.టి.కె.లో టి చెరిగిపోయిందని మరో కథ. ఏదీ రుజువు కాలేదు. బోస్టన్ పత్రిక కాగితం లాంటిది లారీల విషయంలో ఇంకా దొరకలేదు. ఈ రాత అనవసరంగా హారన్ మోగించడానికి ప్రోత్సాహమిస్తోందని మహారాష్ట్ర ప్రభుత్వం 2015 ఏప్రిల్ చివర్లో దాన్ని నిషేధించింది.

తెలుగులోకి వచ్చిన ఇంగ్లీషు మాటలు చాలావరకు మన ఉకారం తొడుక్కొని గాని లోపలికి రావు. బస్సు, కారు, పెన్ను, లైటు. ఓకేకు ఆ అవసరం పడలేదు. రెండూ దీర్ఘాచ్చులే, ఛందస్సు లెక్కలో రెండూ గురువులే, చివర అచ్చు. తెలుగు మాటలా పలకడానికి దానిలో ఏ మార్పూ చేయాల్సిన పనిలేదు. పైగా చివరి ఏకారం మనకు బాగా అలవాటైన ధ్వని. "సరి"కి నొక్కి చెప్పే ఏ చేరితే "సరే", "అలాగు"కు చేరితే "అలాగే". ఓకే చివర ఉన్నది ఆ ఏకారం కాకపోయినా, వినడానికి ఆ వరసలో చక్కగా ఒదిగిపోతుంది. కూర్చోగానే ప్రత్యయాలన్నీ వచ్చి చేరాయి: ఓకేనా, ఓకేలే, ఓకేగానీ, ఓకేనట, ఓకే అండీ, ఓకే రా. పెళ్లి సంబంధం ఓకే అవుతుంది, బ్యాంకు లోను ఓకే అవుతుంది. సినిమా షూటింగులో దర్శకుడి నోట "టేక్ ఓకే" అనే మాట కోసం యూనిట్ అంతా ఎదురుచూస్తుంది. ఇష్టం మరీ ఎక్కువైతే "డబుల్ ఓకే".

రాతలో మాత్రం ఒక చిక్కు ఉంది. మొదటి అచ్చు కురచదైతే అది "ఒకే", అంటే ఒక్కటే. అది అచ్చమైన తెలుగు. ఒక్క దీర్ఘం తేడాతో రెండు భాషలు పక్కపక్కన నిలబడతాయి. "ఒకే మాట" అంటే మాట మార్చనని, "ఓకే, మాట" అంటే మాట ఇచ్చానని.

మణిరత్నం 2015లో తీసిన తమిళ సినిమా పేరు "ఓ కాదల్ కణ్మణి". మొదటి రెండు మాటల పొడి అక్షరాలు ఇంగ్లీషులో ఓ, కె. కనుక దాన్ని అందరూ "ఓకే కణ్మణి" అనే పిలుచుకున్నారు. ఓల్డ్ కిండర్‌హుక్ మనుషులు చేసినట్టే, పాత రెండు అక్షరాలకు ఎవరో మళ్లీ కొత్త విప్పు వెతికిపెట్టారు. అదే సినిమా తెలుగులో "ఓకే బంగారం" అన్న పేరుతో వచ్చింది. తెలుగువాళ్లకు ఆ విప్పుతో పనిపడలేదు.